ఒక ఒరలో రెండు కత్తులు: ఆటల కంప్యూటరుకు రెండవ గ్రాఫిక్స్ కార్డు అవసరమా?

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మన పెద్దలు అన్నారు. పెద్దల మాట వినే అలవాటు మా బ్యాచికి లేదు గనుక, ఒక కంప్యూటరు పెట్టెలో రెండు గ్రాఫిక్స్ కార్డులు పెట్టి చూశాను. ఇమిడినాయి. పెట్టె మూత కూడా పడింది. ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను ఈ కళాశాలలోనే చదువుకుని, ప్రస్తుతం ఇక్కడే కంప్యూటరు ల్యాబు చూసుకుంటున్నవాడిని. మాది కూచిపూడి. సంక్రాంతి సెలవుల తర్వాత ఒకరోజు సాయంత్రం మా పక్క ఊరి కుర్రవాడు, రెండవ సంవత్సరం విద్యార్థి, ల్యాబు మూసే వేళకు వచ్చి నిలబడ్డాడు.

"సార్, ఒక డౌటు. నా దగ్గర ఒక గ్రాఫిక్స్ కార్డు ఉంది. అచ్చం అలాంటిదే సెకండ్‌హ్యాండులో ఇంకోటి చవగ్గా వస్తోంది. రెండూ కలిపి పెడితే ఆట రెండు రెట్లు స్పీడుగా నడుస్తుందా?"

"డబ్బు ఎక్కడిదోయ్?" అన్నాను.

"మినుములు ఇంటికొచ్చాక పంపుతానన్నాడు సార్ మా నాన్న."

ఆ మినుముల మాట వినగానే నాకు 2017వ సంవత్సరం గుర్తుకు వచ్చింది. నా రెండవ కార్డు కూడా మినుముల డబ్బుతో కొన్నదే. ఆ రోజు అతనికి నిలబడి చెప్పిన సమాధానం సగమే. మిగతా సగం ఇక్కడ వ్రాస్తున్నాను. అతని వంటి వారు మన హాస్టలులో ఇంకా నలుగురైనా ఉంటారని నాకు తెలుసు.

కార్డు చేసే పని ఏమిటి?

కంప్యూటరు తెర అంటే చిన్న చిన్న చుక్కల సముదాయం. మామూలుగా మనం వాడే తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. గుణిస్తే 20 లక్షల 73 వేల 600. ఆటలో మన మనిషి ఒక అడుగు వేసినా, ఊరికే తల తిప్పినా, ఈ చుక్కలన్నిటి రంగూ మళ్ళీ లెక్క కట్టాలి. అలా ఒకసారి లెక్క కట్టి తెర మీదకు పంపిన పూర్తి బొమ్మను ఫ్రేము అంటారు. సెకనుకు 60 ఫ్రేములు వస్తే కదలిక కంటికి సాఫీగా ఉంటుంది. అనగా ఒక్కొక్క ఫ్రేముకు దొరికే వ్యవధి సుమారు 16.7 మిల్లీసెకన్లు. సెకనులో వెయ్యవ వంతు ఒక మిల్లీసెకను. ఫోర్-కే తెర అయితే చుక్కలు నాలుగు రెట్లు, దాదాపు 83 లక్షలు. వ్యవధి మాత్రం పెరగదు.

ఇంత పని ఒక్కడి వల్ల అయ్యేది కాదు. అందుకనే గ్రాఫిక్స్ కార్డులో కొన్ని వేల చిన్న చిన్న లెక్కల యంత్రాలు ఉంటాయి. 2016 డిసెంబరులో విజయవాడ స్టేడియంలో ఆరువేల మందికి పైగా నర్తకులు ఒకేసారి కూచిపూడి నృత్యం చేసి గిన్నిస్ రికార్డు స్థాపించారు. ఆ దృశ్యాన్ని చూసినవారికి నేను చెప్పేది వెంటనే బోధపడుతుంది. పాట ఒకటే, తాళం ఒకటే, అడుగు ఒకటే. వేసేది మాత్రం ఆరువేల మంది. కార్డు లోపల జరిగేది సరిగ్గా ఇదే.

కాబట్టి ఒక్క కార్డు అంటేనే ఒక పెద్ద నృత్యబృందం. దానికి తోడు రెండవ కార్డు పెట్టడమంటే అదే బృందంలో ఇంకో నలుగురిని చేర్చడం అనుకుంటాం. అక్కడే పొరపాటు. ఊళ్ళో ఇంకో చోట రెండో వేదిక కట్టి, అక్కడ వేరే బృందాన్నీ, వేరే నట్టువాంగాన్నీ పెట్టి, రెండు వేదికల మీదా కలిపి ఒకే నాటకం నడిపించబోవడం అది. మధ్యలో కబురు మోసే మనిషి పరుగెత్తుతూ ఉండాలి. ఈ ఒక్క ముక్క గుర్తుంటే చాలు, మిగతా వ్యాసం తేలిక.

రెండు కార్డుల కథ

ఈ ఆలోచన కొత్తది కాదు. 1998లో త్రీడీఎఫ్ఎక్స్ అనే అమెరికా కంపెనీ వూడూ-2 అనే కార్డు తెచ్చింది. అటువంటివి రెండు కొని, మధ్యలో ఒక పట్టీ తీగ కలిపితే, తెర మీది గీతల్లో ఒకటి విడిచి ఒకటి ఒక కార్డు గీసేది, మిగిలినవి రెండవ కార్డు గీసేది. ఒక్క కార్డుతో 800 x 600 చుక్కల దాకా వచ్చే బొమ్మ, రెండింటితో 1024 x 768 దాకా వచ్చేది. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. ఆ రోజుల ఆటలు సులువైనవి గనుక గీతలను పంచుకోవడం కూడా సులువుగానే ఉండేది.

2000 సంవత్సరం చివర త్రీడీఎఫ్ఎక్స్ తన ఆస్తులను ఎన్విడియాకు అమ్మివేయడానికి ఒప్పుకుంది. ఎన్విడియా వారు 2004లో ఎస్ఎల్ఐ అన్న అవే అక్షరాలతో, వేరే పద్ధతితో, జంట కార్డులను మళ్ళీ బయటకు తెచ్చారు. 2005లో ఏటీఐ కంపెనీ క్రాస్‌ఫైర్ అనే పేరుతో పోటీకి దిగింది. మరుసటి సంవత్సరం ఏటీఐని ఏఎండీ కొనుక్కుంది. అక్కడి నుంచి పది పన్నెండేళ్ళు జంట కార్డులకు స్వర్ణయుగం. మూడు, నాలుగు కార్డులు పెట్టుకున్న మహానుభావులు కూడా ఉండేవారు.

ఈ కాలంలో ఎక్కువగా వాడిన పద్ధతి ఫ్రేములను వంతులవారీగా పంచడం. ఒకటి, మూడు, అయిదు ఫ్రేములు మొదటి కార్డువి. రెండు, నాలుగు, ఆరు రెండవ దానివి. చెప్పడానికి ఎంతో న్యాయంగా ఉంది కదా! నాకూ అలాగే అనిపించింది.

కొవ్వూరు వారి ప్రదర్శన

నా మనసు అటు తిరగడానికి ఒక కారణం మన తెలుగువాడే. గోదావరి ఒడ్డున కొవ్వూరులో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎం.టెక్. చదివిన రాజా కోడూరి గారు గ్రాఫిక్స్ రంగంలో ప్రపంచమంతా ఎరిగిన మనిషి. ఏటీఐలోనూ, ఆపిల్‌లోనూ పనిచేసి, 2015లో ఏఎండీ వారి గ్రాఫిక్స్ విభాగానికి అధిపతి అయ్యారు. 2017 నవంబరులో ఇంటెల్‌కు వెళ్ళి, 2023లో అక్కడి నుంచి బయటకు వచ్చారు.

2016లో తైపే నగరంలో జరిగిన కంప్యూటెక్స్ సందర్భంగా ఆయన వేదిక ఎక్కి, 199 డాలర్ల ధరతో మొదలయ్యే ఆర్ఎక్స్ 480 అనే కార్డును ప్రకటించారు. అప్పుడే మార్కెట్లోకి వచ్చిన ఎన్విడియా వారి జీటీఎక్స్ 1080 ధర 599 డాలర్లు మొదలు. ఏఎండీ వారు ఒక వైపు రెండు ఆర్ఎక్స్ 480 కార్డులు, మరొక వైపు ఒక జీటీఎక్స్ 1080 పెట్టి 'యాషెస్ ఆఫ్ ది సింగ్యులారిటీ' అనే ఆట నడిపి చూపించారు. జంట కార్డులకు సెకనుకు 62.5 ఫ్రేములు, ఒంటి కార్డుకు 58.7. జంట ఖరీదు 500 డాలర్ల లోపే.

ఆ వీడియో హాస్టలు గదిలో ఎనిమిదిమందిమి కూర్చుని చూశాం. మన గోదావరి మనిషి అంత పెద్ద వేదిక మీద నిలబడి, చవక కార్డులు రెండు కలిస్తే ఖరీదైన దానిని గెలుస్తాయని చూపిస్తుంటే ఛాతీలు ఉబ్బిపోయాయి. చూపించినది అబద్ధం కాదు. ఆ అంకెలు ఆ ఆటకు సంబంధించినవి. మేము మాత్రం ఒక ప్రశ్న వేసుకోవడం మరిచిపోయాం: ఏ ఆటలో?

యాషెస్ తయారుచేసిన వారు జంట కార్డుల కోసం ప్రత్యేకంగా శ్రమపడ్డారు. 2015లో విండోస్ 10తో వచ్చిన డైరెక్ట్ఎక్స్ 12 పద్ధతిలో, ఏ కార్డుకు ఏ పని ఇవ్వాలో ఆట వ్రాసేవారే తేల్చుకోవచ్చు. వారు ఆ పని ఓపికగా చేశారు. అంత ఓపిక అందరికీ ఉండాలని ఎక్కడా లేదు కదా!

నా మినుముల డబ్బు

2017 వేసవిలో మా నాన్నకు ఫోను చేసి, "చదువుకి కావాలి నాన్నా" అన్నాను. మినుములు అమ్మిన డబ్బులోంచి ఇరవై వేలు పంపించాడు. చదువుకని ఎందుకన్నానో ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. ఆ డబ్బుతో, నా దగ్గర ఉన్న మధ్యరకం కార్డుకు జోడీ కొన్నాను. దుకాణదారు ఎంతో నమ్మకంగా, "డబుల్ స్పీడు తమ్ముడూ" అన్నాడు. ఆయన ఆటలు ఆడే మనిషి కాదు, అమ్మే మనిషి.

అప్పట్లో హాస్టలంతా ఆడే ఆట ఒకటి ఉండేది. గదిలో అందరినీ పిలిచి, రెండు కార్డులతో ఆ ఆట మొదలుపెట్టాను. ఫ్రేముల అంకె ఒకటీ పెరగలేదు. రెండవ కార్డు ఫ్యాను తిరుగుతోంది గాని లోపల పని లేదు. ఆ ఆటకు రెండు కార్డులు వాడడం తెలియదన్నమాట. ఇంకొక ఆటలో అంకె నిజంగానే 40 నుంచి 65 దాకా పెరిగింది. సంబరపడ్డాం. కాని అయిదు నిమిషాలు ఆడేసరికి నా మిత్రుడొకడు, "అంకె పెరిగింది గానీ అబ్బాయ్, ఏదో తాళం తప్పుతోందిరా" అన్నాడు.

వాడు మా ఊరివాడే, చిన్నప్పుడు నాలుగేళ్ళు నాట్యం నేర్చుకున్నవాడు. ఆ మాట ఎంత సరైనదో నాకు తర్వాత తెలిసింది.

రెండు బస్సుల లెక్క

ఆ తాళం తప్పడం ఏమిటో బందరు బస్సుతో చెబుతాను. బెజవాడ నుంచి బందరుకు గంటకు రెండు బస్సులున్నాయని బోర్డు మీద వ్రాశారనుకోండి. అర్ధగంటకొకటి చొప్పున వస్తే మనకు హాయి. అలా కాక రెండు బస్సులూ ఒకదాని వెనుక ఒకటి వచ్చి, తర్వాత యాభై అయిదు నిమిషాలు ఏమీ రాకపోతే? బోర్డు మీది లెక్క తప్పలేదు, గంటకు రెండే. నిలబడ్డవాడి కాళ్ళు మాత్రం పీకుతాయి.

జంట కార్డులలో జరిగేది ఇదే. సెకనుకు 60 ఫ్రేములంటే 16.7 మిల్లీసెకన్లకు ఒకటి రావాలి. రెండు కార్డులు వంతులవారీగా గీస్తుంటే ఒక ఫ్రేము 5 మిల్లీసెకన్లకే వచ్చి, తర్వాతది 28 మిల్లీసెకన్లకు రావచ్చు. రెండూ కలిపి 33. సగటు చూస్తే సెకనుకు 60 ఫ్రేములే! కంటికి మాత్రం 28 మిల్లీసెకన్ల ఎదురుచూపే కనిపిస్తుంది. దీనికి మైక్రో స్టటరింగ్ అని పేరు. సూక్ష్మమైన నత్తి అనుకోవచ్చు. ఏఎండీ వారు దీనిని సరిదిద్దడానికి 2013లో డ్రైవరు సాఫ్టువేరులో మార్పులు చేశారు. నత్తి తగ్గింది గాని అన్ని ఆటలలోనూ పూర్తిగా పోలేదు.

ఇంకొక సంగతి ఉంది. బస్సులు రెండయితే గంటకు వెళ్ళే జనం రెట్టింపు అవుతారు. బందరు చేరడానికి పట్టే రెండు గంటలు ఒక గంట అవదు. అలాగే ఒక ఫ్రేము గీయడానికి ఒక కార్డుకు 30 మిల్లీసెకన్లు పడితే, రెండవ కార్డుకూ అంతే పడుతుంది. ఫ్రేముల సంఖ్య పెరిగినా, మనం మీట నొక్కిన తర్వాత ఆ ఫలితం తెర మీదకు వచ్చే ఆలస్యం ఆ మేరకు తగ్గదు. పోటీ ఆటలు ఆడేవారికి కావలసింది ఆ ఆలస్యం తగ్గడమే.

జ్ఞాపకశక్తి విషయంలోనూ భ్రమపడతాం. 8 జీబీ కార్డులు రెండు పెడితే 16 జీబీ అవుతుందని నేను లెక్క వేశాను. ఆటలో రెండు కార్డులూ అదే దృశ్యాన్ని గీయాలి గనుక గోడల బొమ్మలూ, చెట్ల బొమ్మలూ రెండింటిలోనూ విడివిడిగా ఉండాలి. అందుచేత మనకు దక్కేది 8 జీబీయే. ఒకే పుస్తకం రెండు కాపీలు కొంటే చదువు రెట్టింపు అవుతుందా?

ఎందుకు కనుమరుగైంది?

ఈ నత్తి ఒక్కటే అయితే ఇంజనీర్లు ఏదో మార్గం చూసేవారే. అసలు దెబ్బ ఆటలు బొమ్మ గీసే తీరు మారడం వల్ల తగిలింది. పూర్వం ప్రతి ఫ్రేమూ దేనికది. ఇప్పటి ఆటలలో అంచులు నున్నగా కనిపించడానికీ, వెలుగునీడలు సహజంగా రావడానికీ వెనుకటి ఫ్రేములోని సమాచారాన్ని తెచ్చి కొత్త ఫ్రేములో కలుపుతారు. నర్తకి ఒక జతి ఏ భంగిమలో ముగించిందో దాని నుంచే తర్వాతి జతి ఎత్తుకోవాలి కదా. మొదటి జతి ఒక వేదిక మీద, రెండవ జతి ఇంకొక వేదిక మీద అయితే, అక్కడ ముగింపు తెలిసేదాకా ఇక్కడి వారు చేతులు కట్టుకుని నిలబడాలి. కబురు మోసే మనిషి ఎంత పరుగెత్తినా సమయం పోతూనే ఉంటుంది. 16.7 మిల్లీసెకన్ల ఆటలో పోగొట్టుకోవడానికి సమయం ఎక్కడిది?

ఒక పనిలో విడదీయరాని భాగం ఉంటే ఎంతమందిని పెట్టినా వేగానికి హద్దు ఉంటుందని 1967లోనే జీన్ ఆమ్డాల్ అనే అమెరికా కంప్యూటరు శాస్త్రవేత్త చెప్పాడు. పది గంటల పనిలో నాలుగు గంటలు ఒక్కడే చేయవలసింది అనుకుందాం. మిగిలిన ఆరు గంటల పనిని ఇద్దరు పంచుకుంటే మూడు గంటలు. మొత్తం ఏడు గంటలు. కూలి ఇద్దరికి ఇచ్చాం, కలిసివచ్చింది మూడు గంటలు. వేయిమందిని పెట్టినా ఆ నాలుగు గంటలు తగ్గవు.

కంపెనీలు ఈ లెక్క చూసుకున్నాయి. జంట కార్డులున్నవారు కొద్దిమంది. వారి కోసం ప్రతి ఆటకూ విడిగా సరిచేసే శ్రమ ఎక్కువ. ఎన్విడియా 2016లో జీటీఎక్స్ 1080 తరం నుంచి ఆటలకు రెండు కార్డులు చాలన్నది. ఏఎండీ 2019లో తెచ్చిన ఆర్ఎక్స్ 5700 కార్డులకు క్రాస్‌ఫైర్ ఇవ్వలేదు. 2020లో వచ్చిన ఎన్విడియా 30 తరం ఆటల కార్డులలో జంట కట్టే అమరిక 3090 శ్రేణికే దక్కింది. 2021 జనవరి 1 నుంచి కొత్త ఆటలకు ఎస్ఎల్ఐ సర్దుబాట్లు డ్రైవరులో చేర్చబోమని ఆ కంపెనీయే ప్రకటించింది. 2022లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090కి ఆ అమరికే లేదు. ఆ విధంగా ఒరలోని రెండవ కత్తిని తయారుచేసినవారే బయటకు తీసివేశారు.

అవే కార్డులు, వేరే పని

ఇంతవరకు చదివి, రెండు కార్డులు ఎప్పుడూ దండగేనని తీర్మానించకండి. నా కథలో రెండవ అంకం ఉంది.

ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకు, తాళం తప్పిందన్న ఆ మిత్రుడూ నేనూ కలిసి కూచిపూడి అడుగులను యానిమేషనుగా చేద్దామనుకున్నాం. బ్లెండర్ అనే ఉచిత సాఫ్టువేరులో ఒక బొమ్మను కట్టి 12 సెకన్ల దృశ్యం తయారుచేశాం. సెకనుకు 25 ఫ్రేముల చొప్పున 300 ఫ్రేములు. ఒక్కొక్క ఫ్రేము గీయడానికి ఒక కార్డుకు నాలుగు నిమిషాలు పట్టింది. అంటే మొత్తం 1200 నిమిషాలు, 20 గంటలు. రెండు కార్డులకూ పని పంచాం. రాత్రి తొమ్మిదికి మొదలుపెడితే తెల్లవారి ఏడున్నరకు అయిపోయింది. పదిన్నర గంటలు! ఆటలో కునుకు తీసిన ఆ కార్డే ఇక్కడ సగం బరువు మోసింది.

తేడా ఎక్కడుంది? ఇక్కడ ప్రతి ఫ్రేమూ స్వతంత్రం. నూరవ ఫ్రేము ముందు వచ్చినా, తొంభయ్యవది తర్వాత వచ్చినా ఎవరూ ఏమీ అనరు. తెర ముందు ఎదురుచూసే ప్రేక్షకుడు లేడు. కబురు మోసే మనిషికి రాత్రంతా పనే లేదు.

ఇటువంటి పనికి చరిత్రలో గొప్ప ఉదాహరణ ఉంది. 2012లో టొరంటో విశ్వవిద్యాలయంలో క్రిజెవ్‌స్కీ, సట్స్‌కెవర్, హింటన్ అనే ముగ్గురు 12 లక్షల ఫొటోలతో కంప్యూటరుకు బొమ్మలు గుర్తించడం నేర్పారు. ఈనాటి కృత్రిమ మేధ ఉప్పెనకు నాందిగా చెప్పుకునే ఆ పని జరిగింది రెండు జీటీఎక్స్ 580 కార్డుల మీద. అవి ఆటల కార్డులే, ఒక్కొక్కదానికి 3 జీబీ. ఒక దానిలో పట్టదు గనుక పనిని రెండుగా కోశారు. ఎక్కడ పడితే అక్కడ కాక, రెండు కార్డులూ కొన్ని చోట్ల మాత్రమే మాట్లాడుకునేలా చూసి కోశారు. అయిదారు రోజుల్లో నేర్పడం ముగిసింది. అంతకుముందు 2007లోనే మన హైదరాబాదు ఐఐఐటీలో ఆచార్య పి.జె. నారాయణన్ బృందం గ్రాఫిక్స్ కార్డు మీద బొమ్మలు కాని లెక్కలు చేయించి పరిశోధన పత్రం ప్రచురించింది.

చూశారా? అదే కార్డు, అదే పెట్టె. పనిని బట్టి రెండవ కార్డు కూలి చేసే జోడీ కావచ్చు, ఊరికే కూర్చుని తినే చుట్టమూ కావచ్చు.

కొనబోయే ముందు

కాబట్టి రెండవ కార్డు కొనాలా వద్దా అనే ప్రశ్న వచ్చినప్పుడు మిత్రులు ఈ క్రింది విషయాలు చూసుకోవాలి.

మొదటిది, ఏం పనికి? ఆటలకే అయితే సమాధానం సూటిగా చెప్పవచ్చు: వద్దు. ఉన్న కార్డు అమ్మి, దానికి రెండవ కార్డుకని దాచిన డబ్బు కలిపి, ఒకే ఒక్క మెరుగైన కార్డు కొనండి. అది ప్రతి ఆటలోనూ పనిచేస్తుంది. ఆట ఒప్పుకుంటుందా, డ్రైవరు ఒప్పుకుంటుందా అని ఎవరి గడ్డమూ పట్టుకోనక్కరలేదు. ఈమధ్య రెండవ చిన్న కార్డు చేత మధ్య ఫ్రేములు కల్పించే సాఫ్టువేరు ఒకటి ప్రచారంలో ఉంది. దానివల్ల కదలిక నున్నగా కనిపిస్తుంది గాని మీట నొక్కిన ఫలితం కాస్త ఆలస్యమవుతుంది. పాత కార్డు ఇంట్లో పడి ఉంటే సరదాకు చూడండి, దాని కోసం డబ్బు పెట్టకండి.

రెండవది, కరెంటు. 200 వాట్ల కార్డు అదనంగా రోజుకు నాలుగు గంటలు పూర్తి పనిలో ఉంటే నెలకు 24 యూనిట్లు. అంతకంటె ముఖ్యం, పెట్టెలోని పవర్ సప్లై ఆ భారం మోయగలదా అన్నది. 2025 జనవరిలో ప్రకటించిన ఆర్‌టీఎక్స్ 5090 ఒక్కదానికే 575 వాట్లు కావాలి. దానికి 1000 వాట్ల పవర్ సప్లై పెట్టమని తయారీదారు చెబుతున్నాడు. అటువంటివి రెండంటే మామూలు ఇంటి ప్లగ్గు దగ్గర ఆగి ఆలోచించవలసిందే.

మూడవది, వేడి. కార్డు తాగిన కరెంటంతా చివరకు వేడిగా గదిలోకే వస్తుంది. 200 వాట్ల కార్డులు రెండంటే 400 వాట్ల హీటరు వెలిగించుకున్నట్టే. మన బెజవాడ మే నెలలో ఆ హీటరు పక్కన కూర్చుని చూడండి! పైగా రెండు కార్డులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటే, ఒకటి వదిలిన వేడిగాలే రెండవది పీల్చుకుంటుంది. వేడెక్కిన కార్డు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. నా పెట్టెలో పై కార్డు ఎప్పుడూ అలాగే ఆయాసపడేది.

నాలుగవది, మదరుబోర్డు. చాలా మామూలు బోర్డులలో మొదటి అరకే పూర్తి వెడల్పు దారి ఉంటుంది. రెండవ అర చూపుకు పొడుగ్గా ఉన్నా లోపల సందు దారే. కొనేముందు బోర్డు పుస్తకం తీసి చదవండి. కార్డుల మందమూ కొలవండి. ఈనాటి కార్డులు మూడు అరల చోటు ఆక్రమించడం మామూలే.

అయిదవది, యానిమేషను చేస్తారా, కృత్రిమ మేధ నేర్చుకుంటారా, పెద్ద లెక్కలు చేయిస్తారా? అప్పుడు రెండవ కార్డు ఆలోచించదగినదే. అప్పుడు కూడా మీరు వాడే సాఫ్టువేరు రెండు కార్డులకు పని పంచగలదని ముందు నిర్ధారించుకోండి. వీలయితే, ల్యాబులో గాని మిత్రుని వద్ద గాని ఒకసారి నడిపి, గడియారం పెట్టి చూసుకోండి. బోర్డు మీది సగటు అంకెను నమ్మకండి. మన బందరు బస్సు సంగతి గుర్తుంచుకోండి.

ముగింపు

ప్రాజెక్టు అయిపోయాక మా దృశ్యాన్ని ఊళ్ళో నాన్నకు చూపించాను. పన్నెండు సెకన్లు చూసి, "ఇంకోసారి వెయ్యి" అన్నాడు. వేశాను. అప్పుడు నిజం చెప్పేశాను, ఆ డబ్బు ఆటల కోసం అడిగానని. ఆయన కొంచెంసేపు ఊరుకుని, "అరకకి రెండెడ్లు కట్టేది సాలు ఒకటే గనకరా. రెండిటికీ నడక కుదరాలి. కుదరనప్పుడు ఒక్క మంచి ఎద్దు నయం" అన్నాడు. నేను ఇరవై వేలు పెట్టి నేర్చుకున్న పాఠం ఆయనకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

మా పక్క ఊరి కుర్రవాడికి ఈ సంగతులన్నీ చెప్పాను. అతను ఆటలకే అడుగుతున్నాడని తేలింది. "మరి ఆ డబ్బు ఏం చెయ్యమంటారు సార్?" అన్నాడు. ముందు ఎందుకు కావాలో ఉన్నది ఉన్నట్టు మీ నాన్నకు చెప్పు, తర్వాత ఒక్క మంచి కార్డు చూద్దాం, అన్నాను. మొదటి సగానికే అతను ఎక్కువసేపు ఆలోచించాడు.

ఈ సావనీరు మీ చేతికి వచ్చేసరికి మినుములు ఇంటికి వచ్చి ఉంటాయి. అతనూ, అతని వంటి మిత్రులూ కొనేముందు ఒకసారి మా ల్యాబుకు రండి. సాయంత్రం అయిదున్నర దాకా నేను అక్కడే ఉంటాను. నా రెండు పాత కార్డులూ ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి. గడియారం పెట్టి చూపిస్తాను.